బల్ల చుట్టూ వంద జవాబులు

గానుగమ్మ అనేది అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు. అచ్చాఫీసు మేనేజరు పెట్టాడు, అదీ వెటకారానికి. ఆ మాట వింటే ఆమె మొహం మాడ్చుకుంటుందని, నాలుగు రోజులు తల దించుకుని తిరుగుతుందని అనుకున్నాడు కాబోలు. ఆమె మర్నాడు హాజరు పుస్తకంలో సంతకం చేయాల్సిన చోట గుండ్రటి అక్షరాలతో 'గానుగమ్మ' అని రాసి, కలం మూత పెట్టి, తన పనికి తాను వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి అందరికీ అదే పేరు. అసలు పేరు పాత రిజిస్టరులో ఎక్కడో భద్రంగా ఉంది, దానితో ఎవరికీ పని పడలేదు.

పేరులో అబద్ధమేమీ లేదు. అచ్చాఫీసు వెనక బైండింగు గదిలో ముప్పై అడుగుల బల్ల ఒకటి ఉంది. అచ్చయి, మడతపడి వచ్చిన కాగితాలను ఆ బల్ల అంచుల వెంట దొంతరలుగా పేరుస్తారు. ఒక్కో దొంతర ఒక్కో ఫారం, అంటే పుస్తకంలో పదహారు పేజీల ముక్క. ఎనిమిది మంది ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరుగా బల్ల చుట్టూ తిరుగుతూ, ఒక్కో దొంతర మీది నుంచి ఒక్కో ఫారం తీసి చేతిలో వరసగా పేర్చుకుంటారు. చుట్టు పూర్తయ్యేసరికి చేతిలో ఒక పుస్తకం తయారవుతుంది. దాన్ని బండిలో పెట్టి మళ్ళీ చుట్టు మొదలుపెడతారు. ఆ వరసలో ముందున్న మనిషి ఆగితే వెనకవాళ్ళంతా ఆగాలి. పక్కనుంచి దాటిపోతే ఫారాలు తారుమారవుతాయి కాబట్టి దాటకూడదు. ఆ వరసకు ముందు నడిచేది గానుగమ్మ.

ఇరవై రెండేళ్ళుగా అలా తిరుగుతోంది. కాలేజీలో చదివే కూతురు ఒకరోజు కాగితం మీద లెక్క వేసి, "అమ్మా, నువ్వు భూమిని ఒకసారి చుట్టేసి రెండో చుట్టులో పడ్డావు తెలుసా" అంది.

"పడితే ఏం లాభమే. ఆ గది గోడ ఇంతవరకు దాటలేదు," అంది తల్లి మోకాళ్ళకు నూనె రాసుకుంటూ.

మోకాళ్ళ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే కథంతా వాటి మీదే నిలబడి ఉంది. కిందటేడు నుంచి ఆమె కూర్చుని లేస్తుంటే రెండు మోకాళ్ళూ టకటకమంటున్నాయి. ఆ బల్ల దగ్గర మోకాళ్ళు పోయినవాళ్ళ గతి ఏమవుతుందో గానుగమ్మ చూసింది. మొదట మూలన కూర్చోబెట్టి అట్టలకు జిగురు రాయిస్తారు. రెండు నెలలు గడిచాక, "కబురు చేస్తాం, అప్పుడు వద్దువుగాని" అంటారు. ఆ కబురు ఎవరికీ వచ్చిన దాఖలా లేదు.

ఆ గదిలో కూర్చుని చేసే పని ఒక్కటే ఉంది. కిటికీ పక్కన చెకింగు కుర్చీ. ముప్పై ఏళ్ళుగా అందులో కూర్చున్నాయన్ని అందరూ బాబాయి అంటారు. కొత్త పుస్తకం వరస తీసినప్పుడల్లా ఆయన పేజీలు తిప్పి, వరస సరిగ్గా ఉందా, మాటలు సరిగ్గా పడ్డాయా, సిరా అలుక్కుపోయిందా అని చూసి ఎర్ర పెన్సిల్‌తో గుర్తు పెడతాడు. ఆ గుర్తు పడందే కాగితం కుట్టుకు వెళ్ళదు. ఆ బాబాయి నెలాఖరుకు మానేస్తానన్నాడు. కంటిచూపు మందగించింది, పాపం.

గానుగమ్మ సూటిగా మేనేజరు అద్దాల గదిలోకి వెళ్ళి, "ఆ కుర్చీ నాకు ఇవ్వండి సార్" అంది.

మేనేజరు ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "మన దగ్గర సగం పుస్తకాలు ఇంగ్లీషువి. ఎనిమిదో తరగతి చదివినదానివి, నీకు ఇంగ్లీషెక్కడిది?"

"బల్ల మీదిది."

ఆయన నవ్వాడు. పక్కనున్న గుమస్తా, జీతం ఇచ్చే మనిషి నవ్వాడు కాబట్టి తానూ నవ్వాడు. నవ్వు అయ్యాక మేనేజరు, "సరే, ఇంగ్లీషు వర్కుబుక్కు ఉందిగా. అందులో ఫారం చివర ప్రశ్నలుంటాయి, అన్నీ కలిపి వంద. మూడు వారాల్లో ఆ పుస్తకం రాసిన మాస్టారు అచ్చు సరిచూసి సంతకాలు పెట్టడానికి వస్తారు. ఆయన ముందు చెప్పు చూద్దాం" అన్నాడు. అసలాయన మనసులో ఆ కుర్చీ అప్పటికే తన తోడల్లుడి కింద ఉంది. ఈమెకు పరీక్ష పెట్టడం సరదాకి.

గానుగమ్మ మాత్రం సరదాకి తీసుకోలేదు.

ఆ వర్కుబుక్కు ఏటా వేసవి ముందు వస్తుంది. పన్నెండు ఫారాలు. మొదటి నాలుగింటిలో మాటలు ఎలా కట్టాలో ఉంటుంది, మిగతా ఎనిమిదింటిలో క్రియల కాలాలు. పదకొండేళ్ళుగా అదే పుస్తకం, అవే దొంతరలు, అదే క్రమం. మొదటి ఏడాది ఊసుపోక దొంతర మీది పై పంక్తి చదివింది. చుట్టుకు ఒక ముక్క. గో దగ్గర మొదలుపెట్టి రెండు అడుగులు వేస్తే వెంట్, ఇంకో అడుగు వేస్తే గాన్. సాయంత్రానికి ఆ మూడూ పాదాల్లో దిగబడిపోయాయి. మరుసటి ఏడు రెండో పంక్తి. అచ్చు అలుక్కుపోయిన ఫారాలు తూకానికి వెళ్ళే ముందు బాబాయిని అడిగి ఒక్కోటి ఇంటికి తెచ్చుకునేది. అవి సగం మసి, సగం తెల్లగా ఉండేవి. ఒక పక్క అచ్చు పడి ఇంకో పక్క పడనివి కూడా ఉండేవి. వాటన్నిటినీ వరసలో పెట్టి, దారంతో కుట్టి, పాత కేలండరు అట్ట వేసి, తనకంటూ ఒక పుస్తకం చేసుకుంది.

మాటలు కట్టడం ఆమెకు ఇట్టే తలకెక్కింది. అది బైండింగే కదా అనుకుంది. మధ్యలో మాట ఉంటుంది, దానికి ముందు ఒక అట్ట, వెనక ఒక అట్ట. హ్యాపీకి ముందు అన్ అతికిస్తే ఏడుపుమొహం, వెనక నెస్ అతికిస్తే సంతోషం. హోప్ వెనక ఫుల్ అంటిస్తే ఆశ, లెస్ అంటిస్తే నిరాశ. "మధ్య కాగితం ఒకటే. అట్ట మారిస్తే పుస్తకం మారిపోయింది," అని కూతురికి చెప్పింది. కూతురు తన కాలేజీలో ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదంది.

కానీ ఒక చిక్కుంది. ఆ పుస్తకంలో జవాబుల ఫారం అయ్యవార్ల కాపీల్లో మాత్రమే కలుపుతారు. పసుపు కాగితం మీద అచ్చయ్యే ఆ ఫారం బల్ల మీదికి రాదు, నేరుగా మేనేజరు బీరువాలోకి వెళుతుంది. అంటే గానుగమ్మ పదకొండేళ్ళుగా ప్రశ్నలు నేర్చుకుంది, జవాబులు తనే కట్టుకుంది, అవి తప్పో ఒప్పో చెప్పే దిక్కు లేదు. కూతుర్ని అడగొచ్చు. కానీ ఆ పిల్ల పొద్దున వెళితే చీకటి పడ్డాకే వస్తుంది, వచ్చాక తన చదువు తనకుంటుంది. వంద ప్రశ్నలు రోజూ దిద్దమంటే ఎలా?

అప్పుడు రంగంలోకి దిగింది అత్తగారు. ఆవిడకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. కోడలు సాయంత్రం మూడో ఫారం వల్లిస్తుంటే, మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్న ముసలావిడ ఉన్నట్టుండి, "ఆగు. ఇందాకటిది నీకు తెలీదు" అంది.

"ఏది అత్తయ్యా?"

"ఏదో నాకేం తెలుసే. టిక్కు టిక్కుమని చెప్పుకుంటూ వచ్చావు, అక్కడ గొంతు జారింది. చిన్నప్పుడు మీ ఆయన బడి ఎగ్గొట్టొచ్చి అబద్ధం చెప్పేటప్పుడు ఇలాగే జారేది."

గానుగమ్మ ఆ ప్రశ్న పక్కన చుక్క పెట్టింది. రాత్రి అన్నాలప్పుడు కూతురికి చూపిస్తే నిజంగానే తప్పు. ఆ రోజు నుంచి అదే పద్ధతి. కోడలు చెబుతుంది, అత్తగారు వింటుంది, జారిన చోట చెయ్యెత్తుతుంది. చుక్కలు పడ్డవి మాత్రమే కూతురి దగ్గరికి వెళతాయి. చదువురాని మనిషి ఇంగ్లీషు పరీక్ష పెడుతోందని పక్కింటివాళ్ళు నవ్వుకున్నారు. వాళ్ళ పిల్లలకు ట్యూషన్లు పెట్టించినా బుర్రకెక్కడం లేదు, ఆ మాట మాత్రం వాళ్ళు అనుకోలేదు.

ఇంకో తిప్పలు. కూర్చుని చెప్పమంటే గానుగమ్మకు ఒక్క ముక్క రాదు. కాళ్ళు కదిలితేనే నోరు కదులుతుంది. అందుకని అత్తగారి మంచాన్ని గోడ దగ్గరనుంచి లాగి గది మధ్యలో వేసింది. చుట్టూ పన్నెండు చోట్ల పన్నెండు వస్తువులు పెట్టింది. సబ్బుపెట్టె, అద్దం, చెప్పులు, నీళ్ళ చెంబు, అలా. ఒక్కోటి ఒక్కో ఫారం. మధ్యలో అత్తగారు. మొదటి రెండు రోజులూ జవాబులన్నీ తలకిందులయ్యాయి. నిన్న జరిగింది చెప్పమంటే రేపు జరగబోయేది వస్తోంది. బుర్ర పాడైపోయిందేమో అని భయపడింది కూడా. మూడో రోజు కూతురు గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, "అమ్మా, ఆఫీసులో బల్ల నీకు ఏ చేతి వైపు ఉంటుంది?" అని అడిగింది.

కుడిచేతి వైపు. ఇంట్లో మంచం ఎడమచేతి వైపు. రెండు రోజులుగా ఆమె ఎదురు చుట్టు తిరుగుతోంది. తిరిగే దిక్కు మార్చగానే అన్నీ సర్దుకున్నాయి. అత్తగారు మాత్రం మెడ పట్టేసిందని, ఈ పరీక్ష అయ్యేలోగా తనకు కళ్ళు తిరిగి పడిపోవడం ఖాయమని మూడు వారాలూ సణుగుతూనే ఉంది. సణుగుతూనే ఒక్కరోజు కూడా మానలేదు.

అనుకున్న శనివారం రానే వచ్చింది. మాస్టారు పొద్దున్నే వచ్చి అద్దాల గదిలో కూర్చున్నాడు. బక్కపలచటి మనిషి, జేబులో మూడు పెన్నులు. గానుగమ్మ చేతులు తుడుచుకుని తలుపు దగ్గరికి వెళ్ళింది. మేనేజరు బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"ఇవాళ కుదరదు. మాస్టారికి తీరిక లేదు."

"మరి ఎప్పుడు సార్?"

"ఇంకెప్పుడూ లేదు. సోమవారం మా తోడల్లుడు చేరుతున్నాడు. నువ్వు వెళ్ళి వరస తియ్యి, ఇవాళ సరుకు ఎక్కువుంది."

గానుగమ్మకు ఒళ్ళు మండిపోయింది. మూడు వారాలు ముసలావిడ మెడ తిప్పి తిప్పి విన్నది ఇందుకా? అక్కడే నిలబడి నాలుగూ దులిపేద్దామనుకుంది. కానీ అలా అరిచినవాళ్ళను ఆ గదిలోంచి ఎంత తేలిగ్గా పంపేశారో ఆమెకు తెలుసు. అందుకని నోరు మూసుకుని బల్ల దగ్గరికి వెళ్ళింది. బల్ల మీద ఆ రోజు ఉన్నది ఆ వర్కుబుక్కే. పన్నెండు దొంతరలూ తెల్లగా, కొత్త సిరా వాసనతో ఉన్నాయి.

ఆమె వరసకు ముందు నిలబడింది. మొదటి ఫారం తీసింది. తీస్తూ, గది నాలుగు మూలలా వినబడేలా, "మొదటి ఫారం, మొదటి ప్రశ్న" అంది. ప్రశ్న చెప్పింది, జవాబు చెప్పింది. అడుగు వేసి రెండో ఫారం తీసింది. "రెండో ఫారం, మొదటి ప్రశ్న."

వెనకనున్న ఆడవాళ్ళకు ఏం జరుగుతోందో ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కాళ్ళు మెల్లగా వేశారు, చప్పుడు కాకుండా. చెయ్యి ఫారం తీస్తోంది, నోరు జవాబు చెబుతోంది. కాగితం తిప్పి చూడనైనా చూడడం లేదు. చుట్టు పూర్తయింది, పుస్తకం బండిలో పడింది, రెండో ప్రశ్నలు మొదలయ్యాయి.

మేనేజరు పరుగున వచ్చాడు. "ఏమిటీ గోల? ఇది అచ్చాఫీసా, బడా?"

"పని ఆగలేదు సార్. బండిలో పుస్తకాలు చూసుకోండి," అంది గానుగమ్మ నడక ఆపకుండా. వెంటనే, "ఐదో ఫారం, రెండో ప్రశ్న."

ఆయన ఆమెను ఆపాలంటే వరసను ఆపాలి, వరసను ఆపితే సరుకు ఆగుతుంది. పాపం, ఎటూ తోచక బల్ల పక్కనే నిలబడిపోయాడు. ఇంతలో ఆయన వెనకనుంచి మాస్టారు వచ్చాడు. చేతిలో పసుపు కాగితాల ఫారం ఉంది, సంతకం కోసం బీరువాలోంచి తీసింది. ఒక జవాబు విన్నాడు, కాగితం చూశాడు. ఇంకోటి విన్నాడు, చూశాడు. ఆమె దూరం వెళ్ళిపోతుంటే వినబడక, ఆమె వెనకే వరసలో దూరి నడవడం మొదలుపెట్టాడు.

ఆయన వెనకున్నావిడ, "సార్, ఖాళీ చేతులతో నడిస్తే వరస చెడుతుంది. మీరూ ఫారాలు తీయండి" అంది. బల్ల దగ్గర అందరికీ ఒకటే రూలు. మాస్టారు జేబులోంచి పెన్ను తీసి నోట కరుచుకుని, ఒక చేత్తో జవాబులు పట్టుకుని, ఇంకో చేత్తో తాను రాసిన పుస్తకాన్నే ముక్క ముక్కగా ఏరుకుంటూ నడిచాడు. తప్పు విన్నప్పుడల్లా పసుపు కాగితం మీద గీత పెట్టడానికి ఒక్క అర క్షణం ఆగేవాడు. వెనక ఏడుగురూ ఆగేవాళ్ళు.

ఐదో చుట్టులో కుడి మోకాలు టక్కుమంది. ఆరో చుట్టులో ఎడమది. గానుగమ్మ బల్ల అంచు పట్టుకుని నడిచింది. ఏడో ఫారం దగ్గర గొంతు జారడం తనకే వినిపించింది, అత్తగారు చెయ్యెత్తినట్టే అనిపించింది. అది తప్పని మాస్టారి కంటే ముందు తనకు తెలుసు. తెలిసినా ఆగలేదు. తొమ్మిదో చుట్టులో వందో జవాబు చెప్పి, పుస్తకం బండిలో పెట్టి, బండిని పట్టుకుని నిలబడింది.

మాస్టారు గీతలు లెక్కపెట్టాడు. "తొంభై ఒకటి ఒప్పులు."

ఆడవాళ్ళలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. మేనేజరుకు మాట దొరికింది. "అంటే తొమ్మిది తప్పులు. చెకింగులో ఒక్క తప్పు పోయినా పరువు పోతుంది. అయినా ఈ కుర్చీకి నిలకడగా కూర్చునే మనిషి కావాలి, బొంగరం కాదు."

గానుగమ్మ ఆయన వైపు చూడలేదు. "మాస్టారూ, ఆ తొమ్మిదీ ఏవో చెప్పండి."

మాస్టారు చదివాడు, ఒక్కోటి ఒక్కసారే. అందులో ఎనిమిది ఆమె అనుకున్నవే, గొంతు జారినవే. తొమ్మిదోది విని మాత్రం ఆమె కనుబొమలు పైకి లేచాయి. దాన్ని పదకొండేళ్ళుగా గుండె మీద చెయ్యి వేసుకుని తప్పు చెబుతోంది. అంత ధీమాగా చెబితే అత్తగారు మాత్రం ఎలా పట్టుకుంటుంది?

"ఇంకో చుట్టు తిరుగుతాను," అంది.

"వద్దమ్మా, కాళ్ళు చూడు ఎలా ఉన్నాయో," అన్నాడు బాబాయి కిటికీ దగ్గరనుంచి.

తిరిగింది. పక్కావిడ భుజం అందిస్తే తోసేసింది. కుంటుతూ, బల్ల అంచు మీద అరచెయ్యి జరుపుకుంటూ, తొమ్మిది ఫారాల దగ్గర తొమ్మిదిసార్లు ఆగి, తొమ్మిదీ సరిగ్గా చెప్పింది. మాస్టారు ఒక్కో గీతనూ కొట్టేశాడు. చివరిది కొట్టేశాక ఆమె బల్ల వదిలి, నేరుగా కిటికీ పక్కకు నడిచి, బాబాయి అప్పుడే లేచి ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది.

"లే అక్కణ్ణించి," అన్నాడు మేనేజరు.

"లేవను సార్. ఇరవై రెండేళ్ళు తిరగమన్నారు, తిరిగాను. వంద చెప్పమన్నారు, చెప్పాను. మాట తప్పింది మీరు, నేను కాదు. లేపాలనుకుంటే వీళ్ళందరూ చూస్తుండగా మీరే వచ్చి లేపండి."

మేనేజరు ఆడవాళ్ళ వైపు చూశాడు. వరస కదలడం లేదు. ముందు నడిచే మనిషి ఆగితే వెనకవాళ్ళు ఆగాలన్నది ఆ గది రూలు, ముందు నడిచే మనిషి కుర్చీలో ఉంది. బాబాయి తన ఎర్ర పెన్సిల్‌ను ఆమె ముందు పెట్టి, బండిలోంచి చేతికందిన పుస్తకం ఒకటి తీసి ఇచ్చాడు. "నా కళ్ళకు ఆనడం లేదమ్మా. కొత్త సరుకు, కుట్టుకు వెళ్ళాలి. చూడు."

గానుగమ్మ పేజీలు తిప్పింది. బొటనవేలితో ఫారాల వీపులు తడుముతూ సగం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్ళీ వెనక్కి తిప్పి చూసింది. తర్వాత ఎర్ర పెన్సిల్ తీసుకుని అడ్డంగా పెద్ద గీత గీసింది.

"ఇందులో ఏడో ఫారం రెండుసార్లు పడింది. ఎనిమిది లేదు," అంది. "ఇది ఎవరు ఏరారు?"

మాస్టారు పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "నేనేనమ్మా. గీత పెడుతూ చూసుకోలేదు."

నవ్వు మొదట బల్ల అవతలి కొసన మొదలై గదంతా పాకింది. గుమస్తా ఈసారి ఎవరి మొహమూ చూడకుండానే నవ్వేశాడు. మాస్టారు ఆ పుస్తకం చేతిలోకి తీసుకుని మేనేజరు వైపు తిరిగి, "ఈవిడ చూడకపోతే ఇది ఏ బడికో వెళ్ళేది, మన ఇద్దరి పరువూ పోయేది. నా పుస్తకాలకు ఎర్ర గుర్తు ఈవిడే పెట్టాలి. కుదరదంటే చెప్పండి, వేరే అచ్చాఫీసు చూసుకుంటాను" అన్నాడు.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "సరే, సోమవారం నుంచి నువ్వే కూర్చో. నెల రోజులు చూస్తాను, ఒక్క తప్పు దొరికిందా…"

"చూడండి సార్. ఎదురుగానే ఉంటానుగా," అంది గానుగమ్మ. తోడల్లుడికి ఆయన ఏం సర్దిచెప్పుకున్నాడో ఆ గదిలో ఎవరూ అడగలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మంచం ఇంకా గది మధ్యలోనే ఉంది. అత్తగారు అద్దాన్నీ సబ్బుపెట్టెనూ అటూ ఇటూ సర్దుకుంటూ కోడలి కోసం ఎదురుచూస్తోంది. గానుగమ్మ చెప్పులు విప్పి, చుట్టూ తిరక్కుండా, మంచం పట్టె మీద ఆవిడ పక్కనే కూలబడింది.

"ఏమైందే?"

"కుర్చీ నాదే అత్తయ్యా."

ముసలావిడ మెడ ఒక పక్కకు వంచింది. "మళ్ళీ చెప్పు."

"కుర్చీ నాదే."

ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత చెయ్యి ఎత్తింది, ఆ చెయ్యిని కోడలి మోకాలి మీద వేసింది.

"జారలేదు," అంది. "ఇక నా మంచం గోడ దగ్గరికి జరుపు."